పెద్ద చెట్టు కింద చిన్న మొక్క ఎందుకు బతకదు? పాత అడవి చెప్పిన లెక్క

పోయిన వీడియోలో మా పెరటి తోటలో పనస చెట్టు చూపించాను కదా, దాని కింద ఎక్కడ చూసినా పిల్ల మొక్కలే. అది చూసి చాలామంది ఒకటే మాట అడిగారు: "అన్ని మొక్కలు మొలుస్తున్నాయి కదండీ, మరి ఒక్కటీ పెద్దది కాలేదేంటి?" అని. వీడియోలో రెండు ముక్కల్లో చెప్పేశాను. చూసుకుంటే నాకే అది సరిపోలేదు. అందుకే ఈసారి తీరిగ్గా రాస్తున్నాను, కింద వీడియోలో దిబ్బలూ వేర్లూ దగ్గర్నుంచి చూపించాను.

మాది రామచంద్రపురం పక్క పల్లె. వరి చేను కాక ఇంటి వెనకాల ముప్పావు ఎకరం కొబ్బరి తోట ఉంది. ఆ పనస మా తాత పెట్టింది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడ్డప్పుడు మా తోటలో సగానికి పైగా కొబ్బరి చెట్లు నేలకొరిగాయి. పనస నిలబడింది గానీ ఒక పెద్ద కొమ్మ మొదలంటా చీలిపోయింది. ఆ చీలిక లోంచి ఏళ్ళ తరబడి వాన నీళ్ళు దిగి ఇప్పుడు మాను లోపలంతా గుల్ల. అరచేత్తో కొడితే డప్పులాగా మోగుద్ది. ఇంకో పెద్ద గాలి వస్తే ఉంటుందో లేదో తెలీదు. అది పడిపోయేలోపు దాని పిల్లని ఒకదాన్ని నిలబెట్టాలని ఆరేళ్ళ నుంచి నా తాపత్రయం.

ఏటా ఇదే తంతు. రాలిన పండు కుళ్ళి, ఆషాఢంలో ముప్పై నలభై మొక్కలు లేస్తాయి. సంక్రాంతికి పది మిగులుతాయి. ఉగాది దాటాక ఒక్కటీ ఉండదు. రెండేళ్ళు పదిహేను రోజులకోసారి జీవామృతం పోశాను. ఏం మార్పు లేదు. మూడో ఏడు మొక్కల్ని తవ్వి సంచుల్లోకి మార్చి చేను గట్టు మీద నాటాను. ఏప్రిల్లో ఎండిపోయాయి. ఎండకి పోయాయిలే అనుకున్నాను. అక్కడే నేను తప్పులో కాలేశాను, అది తర్వాత చెబుతాను.

ఆ సంవత్సరం శ్రావణంలో రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్ళాను. తెలిసినవాళ్ళ ద్వారా ఒక కొండరెడ్డి పెద్దాయన పరిచయం అయ్యాడు. ఆయన వెంట అడవిలోకి నడిచాం. నల్లమద్ది, ఏగిస, కరక, నేరేడు, మధ్యలో జీలుగు చెట్లు. తాళ్ళలాగా అడ్డతీగలు. నేలంతా పచ్చగా పిల్ల మొక్కలు. నాకు కడుపు మండింది. "తాతా, ఇక్కడ ఎవరూ నీళ్ళు పోయరు, ఎరువు వెయ్యరు. ఎలా బతుకుతున్నాయి ఇవన్నీ?" అన్నాను. ఆయన నవ్వాడు. "బతుకుతున్నాయని ఎవరు చెప్పారు బాబూ? ఎండల్లో మళ్ళీ రా" అన్నాడు.

ఒక నేరేడు చెట్టు కింద బార పొడవు, బార వెడల్పు చోటు చూసుకుని నాలుగు పుల్లలు పాతి లెక్కపెట్టాం. 64 మొక్కలు. నేరేడు గింజ ఒక్కదాంట్లోంచే రెండు మూడు మొలకలు కూడా వస్తాయి, అందుకని అంత గుంపు. మే నెలలో మళ్ళీ వెళ్ళాను. పుల్లల్లో మూడే మిగిలాయి. మొక్కలు కూడా మూడే. చచ్చినవాటి ఆనవాలు కూడా లేదు, ఎండుటాకుల్లో కలిసిపోయాయి. మనం అడవికి వెళ్ళి చూసేది బతికినవాటినే. చచ్చినవి కంటికి కనబడవు కాబట్టి అడవిలో అన్నీ బతుకుతాయని అనుకుంటాం. ప్రకృతి వ్యవసాయం చేసే మనలో ఈ భ్రమ కాస్త ఎక్కువే, నాతో సహా.

వెలుతురు ఉన్నప్పుడు నీళ్ళుండవు

దట్టమైన, ఎప్పుడూ పచ్చగా ఉండే అడవుల్లో పైన పడే ఎండలో నేలదాకా దిగేది నూటికి ఒకటి రెండు వంతులే. కొమ్మల సందుల్లోంచి కాసేపు పడి పోయే ఎండపొడలే అక్కడి పిల్ల మొక్కకి అన్నం. కొన్ని జాతులు ఆ కాస్త తిండితోనే ఏళ్ళ తరబడి మోకాలెత్తున కూర్చుంటాయి. పైనున్న పెద్ద చెట్టు ఎప్పుడు పడుతుందా అని కాచుకుంటాయి. పడిందంటే ఆ ఖాళీలోకి లేచిపోతాయి.

మన తూర్పు కనుమల్లో చాలా భాగం ఆకు రాల్చే అడవి. ఇక్కడ ఇబ్బంది ఇంకో రకం. వానాకాలంలో నేల తడిగా ఉంటుంది గానీ పైన ఆకు కమ్మేసి చీకటి. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలి వెలుతురు వస్తుంది, అప్పటికి నేల ఆరిపోతుంది. నీళ్ళున్నప్పుడు వెలుతురు లేదు, వెలుతురున్నప్పుడు నీళ్ళు లేవు. పిల్ల మొక్క వానాకాలం నాలుగు నెలల చీకట్లోనే ఎండాకాలానికి సరిపడా వేరు దించుకోవాలి. దించుకున్నది బతుకుద్ది, లేనిది పోద్ది. అందుకే పెద్ద గింజల జాతులకి మొదటి ఏడు కాస్త ధీమా. గింజలో మూట కట్టుకొచ్చిన తిండితో చీకట్లోనూ వేరు దింపగలవు. ఆవగింజంత గింజ ఉన్నదానికి ఆ వీలు లేదు, దానికి మొదటి రోజు నుంచే వెలుతురు కావాలి.

ఇక్కడ గుగ్గిలం చెట్టు కథ చెప్పాలి. దీన్నే హిందీలో సాల్ అంటారు. మన రాష్ట్రంలో ఉత్తరాంధ్ర కొసన కొద్దిగా ఉంటుంది, అసలు అడవులు ఒడిశా నుంచి హిమాలయాల అడుగు దాకా. దాని పిల్ల మొక్క ఏటా పైన ఎండిపోతుంది, వేరు బతికే ఉంటుంది, మళ్ళీ వానకి చిగురిస్తుంది. ఇలా ఏళ్ళకేళ్ళు. వేరు లావై, లోతుకి దిగాక ఒక ఏడు ఇక వెనక్కి చూడకుండా లేస్తుంది. బ్రిటిష్ కాలం అటవీ అధికారులకి ఇది పెద్ద తలనొప్పి. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో ఆర్.ఎస్. హోల్ అనే ఆయన 1910ల్లో దీని మీదే కూర్చున్నాడు. ఆయన తేల్చిందేంటంటే, నీడలో ఆకుల పొర కింద వానాకాలమంతా నానిన నేలలో గాలి ఆడదు. గాలి లేక వేరు కిందకి దిగదు, కొంత కుళ్ళుద్ది. ఆ పొట్టి వేరుతో మొక్క ఎండాకాలంలోకి వచ్చి చచ్చిపోతుంది.

ఇది చదివాక గట్టు మీద ఎండిపోయిన నా మొక్కల్లో ఒకదాన్ని గునపంతో జాగ్రత్తగా తవ్వి చూశాను. వేరు జానెడు. జానెడు దాకా దిగి, అక్కడ్నుంచి పక్కకి తిరిగిపోయింది. కొస నల్లబడి ఉంది. మనది గోదావరి ఒండ్రు బంకనేల. ఆగస్టు సెప్టెంబరుల్లో చేలో నీళ్ళుంటే గట్టు కూడా అడుగు నుంచి నానిపోయే ఉంటుంది. మొక్క చచ్చింది ఏప్రిల్లోనే. చంపింది మాత్రం ఆగస్టు. నేనేమో ఏప్రిల్లో బిందెలతో నీళ్ళు మోశాను. సంచిలో పెంచడం వల్ల వేరు గుండ్రంగా చుట్టుకుపోవడం ఇంకో తప్పు. పనస తల్లి వేరు చాలా సుకుమారం, తవ్వి మార్చితే తెగుద్ది, తెగితే తేరుకోదు.

తల్లి కిందే పిల్ల ఎందుకు పోతుంది

నేల, నీళ్ళు, వెలుతురు అన్నీ ఒకేలా ఉన్నచోట కూడా తల్లి చెట్టు కింద మొక్కలు ఎక్కువ చస్తాయి, దూరంగా పడ్డ గింజలు ఎక్కువ బతుకుతాయి. 1970లో డేనియల్ జాన్జెన్, 1971లో జోసెఫ్ కానెల్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ఎవరికి వాళ్ళు ఈ సంగతి చెప్పారు. పెద్ద చెట్టు ఏళ్ళ తరబడి ఒకచోట ఉంటే దాన్ని తినే పురుగులు, దాని వేర్లకి పట్టే శిలీంధ్రాలు అన్నీ అక్కడే కాపురం పెడతాయి. పెద్ద చెట్టు వాటిని తట్టుకుంటుంది. నెల రోజుల మొక్క తట్టుకోలేదు. ఉష్ణమండల అడవిలో ఒకే జాతి గుంపుగా అడవంతా ఆక్రమించకుండా ఇన్ని రకాలు కలిసి ఉండడానికి ఇదొక కారణమని వాళ్ళ వాదన.

2000లో అమెరికాలో అలిస్సా ప్యాకర్, కీత్ క్లే అనేవాళ్ళు అడవి చెర్రీ చెట్టు మీద దీన్ని పరీక్షించారు. తల్లి కింద మట్టిలో పిల్లలు బాగా చచ్చాయి. అదే మట్టిని వేడితో శుద్ధి చేసి వేస్తే బతికాయి. చంపుతున్నది పిథియం అనే శిలీంధ్రం లాంటి జీవి. మన వంగ నారు, మిరప నారు మొదట్లో మెత్తబడి పడిపోతుంది చూడండి, ఆ నారుకుళ్ళు చేసేదీ ఈ బాపతే.

నేనూ చేశాను, మా ఇంటి స్థాయిలో. పనస కింద మట్టి రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని పాత ఇత్తడి గుండిగలో గంటసేపు ఆవిరికి ఉడికించాను. (ఆ గుండిగని మా ఆవిడ మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు.) పది సంచుల్లో పచ్చి మట్టి, పదింట్లో ఉడికించింది, ఇంకో పదింట్లో కాలవ గట్టు మట్టి. ఒకే కాయ గింజలు వేశాను. మూడు నెలలకి పచ్చి మట్టిలో 3, ఉడికించిన దాంట్లో 8, గట్టు మట్టిలో 8 ఉన్నాయి. ముప్పై సంచులతో చేసింది శాస్త్రం అని నేను అనను. కానీ నా పనస సంగతి నాకు అర్థమైంది.

ఇంకోటి ఒప్పుకోవాలి. జీవామృతంలో గుప్పెడు మట్టి కలుపుతాం కదా. రెండేళ్ళూ నేను కలిపింది ఆ పనస మొదట్లో మట్టే. చల్లగా, నల్లగా, వానపాములతో బాగుందని. రోగం ఉన్నచోట మట్టినే బెల్లం, పిండి పెట్టి పెంచి, మళ్ళీ అక్కడే పోశానేమో అని ఇప్పుడు నా అనుమానం. జీవామృతాన్ని తప్పు పట్టడం లేదు, నా వరికి ఇప్పటికీ అదే. మట్టి ఎక్కడ్నుంచి తీస్తున్నామో చూసుకోవాలని మాత్రం చెబుతున్నాను. మొదలు కుళ్ళు ఉన్న చెట్టు కింద మట్టి వద్దు.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న: "మరి తల్లి చెట్టు వేర్ల బూజు ద్వారా పిల్లలకి పాలిస్తుందని వీడియోల్లో చెబుతున్నారు కదా?" ఆ మాటకి మూలం కెనడాలో సుజాన్ సిమార్డ్ చేసిన పని. 1997లో ఆవిడ భోజపత్రం జాతి చెట్టుకీ డగ్లస్ ఫర్‌కీ మధ్య కర్బనం అటూ ఇటూ వెళ్తోందని చూపించారు. వేరుకి అంటుకుని బతికే మేలు చేసే శిలీంధ్రాలు ఉన్నమాట నిజం, అవి మొక్కకి భాస్వరం అందించేదీ నిజమే. కానీ తల్లి తన పిల్లని గుర్తుపట్టి తిండి పంపుతుందనే కథకి అడవిలో దొరికిన రుజువు చాలా తక్కువని 2023లో అదే రంగంలో పనిచేసే శాస్త్రవేత్తలే రాశారు. వినడానికి బాగుందని నేనూ మూడేళ్ళు నమ్మి, పిల్ల మొక్కల్ని తల్లి కిందే ఉంచాను. మూడేళ్ళ గింజలు పోయాయి.

ఆకుల పొర, మంట, ఉప్పు

ఆచ్ఛాదన గురించి కాస్త జాగ్రత్త. అడవిలో ఆకు మందంగా పడ్డచోట చిన్న గింజ పైన పడితే దాని వేరు నేలని అందుకునేలోపే ఎండిపోతుంది. పెద్ద గింజకి మాత్రం అదే ఆకు తడి కాపాడుతుంది, పక్షుల నుంచీ పందికొక్కుల నుంచీ దాచిపెడుతుంది. మనం కూడా నేరేడు, పనస, మామిడి గింజల మీద మందంగా కప్పొచ్చు, రావి, మర్రి లాంటి చిన్న గింజలకి పనికిరాదు. అమెరికా పడమటి తీరంలో ఒలింపిక్ ద్వీపకల్పం వాన అడవుల్లో అయితే కిందనున్న నాచులో, ఆకుల్లో మొక్క నిలవలేక, పడిపోయిన మానుల మీదే మొలుస్తాయి. పడిన చెట్టు కుళ్ళుతూ తడి పట్టి ఉంచుతుంది, నీళ్ళు నిలవనివ్వదు. వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ చెట్లు గీత గీసినట్టు ఒకే వరసలో కనబడతాయి. మా తోటలో తుపానుకి పడి కుళ్ళిన కొబ్బరి మాను పక్కన ఎవరూ వెయ్యని నేరేడు ఒకటి లేచింది. పాతికేళ్ళుగా చూస్తూ కూడా దాని అర్థం నాకు తట్టలేదు.

అడవి మంట గురించి ఎక్కువ రాయను, మన కోనసీమలో ఆ బాధ లేదు. తమిళనాడు ముదుమలైలో 1988 నుంచి బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్ళు, రామన్ సుకుమార్ గారి ఆధ్వర్యంలో, 50 హెక్టార్ల అడవిలో ప్రతి చెట్టుకీ అంకె వేసి చూస్తున్నారు. అక్కడ సన్న మొక్కల్ని ముఖ్యంగా మంట, ఏనుగులు తగ్గిస్తాయి. బెరడు మందమెక్కే దాకా గండమే. మనకి ఏనుగుల బదులు మేకలు.

ఉప్పు మాత్రం మన సంగతే. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవి, 1978లో అభయారణ్యం చేశారు, సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మడ గింజ చెట్టు మీదే మొలకెత్తి, తయారైన మొక్కగా బురదలో పడుతుంది. అయినా ఆటుపోట్ల నీళ్ళు సరిగ్గా వచ్చిపోని పల్లాల్లో నీరు ఆవిరై ఉప్పు పేరుకుపోతే బతకదు. ఎమ్.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ కలిసి గోదావరి, కృష్ణా మడల్లో చేప ముల్లు ఆకారంలో కాలవలు తవ్వించారు. ఒక పెద్ద కాలవ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలవలు. పోటుకి నీళ్ళు లోపలికి, పాటుకి బయటికి. ఉప్పు కడిగి, ఆ తర్వాత నాటారు. ముందు నీళ్ళ దారి, తర్వాత మొక్క. ఫిలిప్పీన్స్‌లో ఈ వరస పాటించకుండా వీలు దొరికిన బురదలో లక్షల మొక్కలు నాటితే చాలాచోట్ల పది ఇరవై శాతమే మిగిలాయి. మన ఊళ్ళలో జులైలో ఫొటోలకి నాటే మొక్కలు గుర్తొస్తాయి.

నేను మార్చిన పని

రెండేళ్ళ కిందట కొత్తగా మొదలుపెట్టాను. తల్లి చెట్టుకి ముప్పై అడుగులు దాటి, రెండు కొబ్బరి చెట్లు పోయి ఆకాశం కనబడే చోట, కాలవ వైపు, పన్నెండు దిబ్బలు వేశాను. ఎత్తు అడుగున్నర. అడుగున ఎండు కొబ్బరి డొక్కలు, మీద కాలవ గట్టు మట్టి, కాస్త చివికిన కొబ్బరి మాను పొడి. బోదె మూసి, నీళ్ళు దిబ్బల మధ్యకి నిలవకుండా దారి తీశాను. పనస గింజ ఆరితే మొలవదు, అందుకని పండు కోసిన మర్నాడే దిబ్బకి మూడేసి గింజలు. సంచి లేదు, మార్పిడి లేదు. ఆకు కప్పింది మొక్క మొదటికి జానెడు దూరం వదిలి. మొదటి ఎండాకాలం పడమటి వైపు మాత్రమే కొబ్బరి మట్టలు నిలబెట్టాను, తూర్పు ఎండ తగలాలి. నీళ్ళు రోజూ కాకుండా వారానికోసారి, లోతుకి దిగేలా నెమ్మదిగా రెండు బిందెలు. రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే తిరుగుద్ది.

పన్నెండింట్లో రెండిటిని పందికొక్కు తినేసింది. ఒకటి మేక. రెండు ఎందుకు పోయాయో తవ్వి చూసినా తేలలేదు. ఏడు ఉన్నాయి. అందులో ఒకటి నా గుండె దాకా వచ్చింది. పక్క దిబ్బ మీదది మోకాలి దగ్గరే ఆగింది. దాని మీద పొద్దుట పది దాకా కొబ్బరి నీడ పడుతుంది, అదే తేడా అనుకుంటున్నాను. వచ్చే దింపులో ఆ కొబ్బరికి రెండు పాత మట్టలు కొట్టించి చూడాలి.

పనస గింజ మొక్క అచ్చం తల్లిలాగే కాస్తుందన్న హామీ లేదని తెలుసండి, పరాగం ఎక్కడిదో మనకి తెలీదు. అదే తొన, అదే తీపి కావాలంటే అంటు కట్టుకోవాలి. వచ్చే ఏడు ఈ ఏడింటి మీదే తల్లి కొమ్మ అంటు కట్టే ప్రయత్నం చేస్తాను, అప్పటిదాకా తల్లి నిలబడాలి.

ఈ ఏడు చెట్టు నాలుగు కాయలే కాసింది. మూడు ఇంట్లోకీ చుట్టాలకీ పోయాయి. మాను మొదట్లో, గుల్లకి పక్కనే ఉన్న కాయని కొయ్యకుండా వదిలేశాను. నిన్న సాయంత్రం వాసన మొదలైంది. రేపో ఎల్లుండో దింపి, గింజలు మిగిలిన అయిదు దిబ్బల్లో వేస్తాను. ఆ వేసేది వీడియో తీసి పెడతాను, దిబ్బ లోపల పొరలు ఎలా వస్తాయో అందులో కోసి చూపిస్తాను.